కొండచరియ నేర్పే నడక

బందరులో పుట్టి పెరిగిన విద్యార్థికి కొండ అంటే ఏమిటో కంటితో చూడాలంటే బెజవాడ ఇంద్రకీలాద్రి వరకైనా వెళ్లవలసినదే. మచిలీపట్నం నుండి గుడివాడకు పోయినా, దివిసీమ చివర హంసలదీవికి పోయినా నేల అరచేయి పరచినట్లు ఉంటుంది. కాలువగట్టు, రైలుకట్ట, గుడి గోపురం, మసీదు మీనారు - మన కంటికి ఎత్తు అనదగినవి ఇవే. ఎత్తు మన పూర్వులకు ఎంత అపురూపమైనదో ఊళ్ల పేర్లే చెబుతాయి. నాలుగడుగులు లేచిన నేల కనిపిస్తే చాలు, దానిని దిబ్బ అన్నారు, తిప్ప అన్నారు. పాలకాయతిప్ప అటువంటి పేరే. నీటి నడుమ మిగిలిన నేలను లంక అన్నారు. నాగాయలంక అందుకు నిదర్శనం.

ఇటువంటి సమతల ప్రాంతపు కళాశాల సంచికలో కొండచరియలపై తిరిగే జంతువులను గూర్చి వ్రాయబూనడం కొందరికి నవ్వు తెప్పించవచ్చును. కాని ఒక కొండజంతువు మన గుమ్మాల ముందే తిరుగుతున్నది. ఇనగుదురుపేట సందులలో ప్రహరీగోడ అంచున నాలుగు కాళ్లూ దగ్గరకు చేర్చి నిలబడి, పక్కింటి మునగకొమ్మను అందుకొనే మేకను చూడనివారు మనలో లేరు. దానిని ఎంత అదిలించినా తొట్రుపడదు. గేదె గోడ ఎక్కదు, ఆవు ఎక్కదు, గొర్రెకు సైతం ఆ సరదా అంతగా లేదు. మరి మేకకు ఈ బుద్ధి ఎక్కడిది?

మన ఇంటి మేకకు మూలం పశ్చిమాసియా పర్వతాలలో నేటికీ తిరుగుతున్న ఒక అడవిమేక. ఇరాన్ దేశపు జాగ్రోస్ పర్వత ప్రాంతంలో సుమారు 10,000 సంవత్సరాల క్రిందట మానవుడు దానిని మచ్చిక చేసికొన్నాడు. అచ్చట గంజ్ దరే అనే చోట త్రవ్వకాలలో దొరికిన ఎముకలు ఇందుకు సాక్ష్యం. ఆ అడవిమేక కడుపులో ఏర్పడే గట్టి ఉండను పూర్వం విషానికి విరుగుడుగా నమ్మేవారు. పారశీకంలో దానిని 'పాద్‌జహర్' అన్నారు. ఉర్దూ చదివే మిత్రులకు ఇందులోని 'జహర్' అనే మాటను వివరించనక్కరలేదు. అన్ని వేల సంవత్సరాలు గడచినవి, మేక కొండ దిగి కృష్ణా డెల్టా ఒండ్రునేలకు వచ్చి చేరినది. అయినా దాని శరీరం ఇంకా కొండ మీది శరీరమే.

ఈ మాట నమ్మకపోతే మేక గిట్టను ఒకసారి చేతిలోకి తీసికొని చూడండి. అది రెండుగా చీలి ఉంటుంది. ఒక్కొక్క చీలికకు వెలుపలి అంచు మన గోరు వంటి గట్టి పదార్థం. లోపలి భాగం మెత్తగా ఉంటుంది. గట్టి అంచు రాతిలోని చిన్న గాడిని పట్టుకొంటుంది. మెత్తని భాగం నునుపు రాతిపై రబ్బరువలె ఒదిగి జారకుండా ఆపుతుంది. ఈ రెండు చీలికలూ వేరువేరుగా కదలగలవు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట ఒకటి పైన, మరొకటి క్రింద ఆనుతుంది. దిగేటప్పుడు రెండూ విడివడి రాతిని ఒడిసిపట్టుకొంటాయి. వీటికి పైన, కాలి వెనుకవైపున, మామూలు నడకలో నేలకు తగలని రెండు చిన్న గిట్టలు కూడా కనిపిస్తాయి. అవి నిరుపయోగమైనవని చాలామంది అనుకొంటారు. నిటారు దిగుడులో అవి నేలకు ఒరసి బండికి బ్రేకువలె పనిచేస్తాయి. ఆవుకు, గేదెకు కూడా చీలిన గిట్టలే ఉన్నవిగదా అని ఎవరైనా అడుగవచ్చును. ఉన్నవి, కాని అంత బరువైన శరీరాన్ని మోసే గిట్టకు గోడ అంచు చాలదు. మేక ఛాతీ ఇరుకు, ఒళ్లు తేలిక. అందువలన నాలుగు కాళ్లనూ శరీరం క్రిందికి చేర్చి బరువంతటినీ జానెడు చోటున నిలుపుకోగలదు.

ఇక కన్ను. మన కంటిపాప గుండ్రనిది. మేకది అడ్డంగా పరచిన చీలిక. ఈ అడ్డపు పాప వలన అది తల త్రిప్పకుండానే తన చుట్టూ చాలా మేరకు చూడగలదు. అంతేగాక ముందున్న నేల దానికి స్పష్టంగా కనబడుతుంది. మేక మేయడానికి తల వంచినప్పుడు ఈ చీలిక నిలువుగా తిరిగిపోవాలిగదా? అట్లా జరుగదు. తల వంగినకొద్దీ కనుగ్రుడ్డు లోపల తిరిగి, పాపను ఎప్పుడూ నేలకు సమాంతరంగానే నిలుపుతుంది. 2015లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఈ తిరుగుడు 50 డిగ్రీలకు మించి ఉంటుందని తేలినది. మేస్తున్న మేక దగ్గర కాసేపు కూర్చుంటే దీనిని ఎవరైనా గమనించవచ్చును. దానికి పరికరమేదీ అవసరం లేదు, ఓపిక ఉంటే చాలు.

ఇంటి మేకను విడిచి దాని అడవి బంధువుల వద్దకు పోదాము. కాశ్మీర పర్వతాలలో, సరిహద్దుకు ఆవల పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ కొండలలో తిరిగే మార్ఖోర్ అనే మేక మెలితిరిగిన కొమ్ములకు ప్రసిద్ధి. పారశీకంలో 'మార్' అంటే పాము, 'ఖోర్' అంటే తినేది. పేరు పాములను తినేదని, తినేది గడ్డి, ఆకులు. పేరుకూ వస్తువుకూ పొంతన లేకపోవడం మనకూ కొత్త కాదు. నల్లమల అడవులలో నాలుగు కొమ్ముల చిన్న జింక వంటి జంతువు ఒకటి ఉన్నది. ఉర్దూలో, హిందీలో దానిని చౌసింగా అంటారు. అందులో లెక్క తప్పలేదు. తెలుగులో మాత్రం కొండగొర్రె అన్నాము. అది గొర్రె కాదు, కొండకొమ్ములపై నివసించేదీ కాదు. శేషాచలం కొండలలోని బంగారు బల్లిది ఇందుకు భిన్నమైన కథ. నిజంగా నిలువు రాతినే ఇల్లు చేసికొన్న ఆ ప్రాణి పగలంతా బండల చీలికలలో దాగి రాత్రి బయటకు వస్తుంది. గ్రుడ్లను సైతం రాతికి అంటించి పెడుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో శాస్త్రజ్ఞులు దానిని వర్ణించారు. తరువాత చాలాకాలం ఎవరి లెక్కలోనూ లేకుండా పోయి, 1980 దశకంలో ఆంధ్రప్రదేశ్ తూర్పుకనుమలలో మరల కనిపించినది.

దక్షిణదేశంలో నిలువు చరియలకు అసలైన యజమాని నీలగిరి తార్. తమిళులు దీనిని వరైయాడు అంటారు. వరై అంటే కొండచరియ, ఆడు అంటే మేక. ఇక్కడ పేరు సార్థకమైనది. ఇది తమిళనాడు రాష్ట్ర జంతువు. కేరళలో ఆనముడి శిఖరం చుట్టూ ఉన్న ఎరవికుళం జాతీయవనం, 1978లో ఆ హోదా పొందినది, దీనికి ముఖ్యమైన ఆశ్రయం. 2025లో రెండు రాష్ట్రాలవారూ కలిసి లెక్కించగా మొత్తం 2,600 పైచిలుకు మాత్రమే ఉన్నట్లు తేలినది. మన జిల్లాలో ఒక మోస్తరు గ్రామ జనాభా కూడా అంతకు మించి ఉంటుంది.

తార్ దినచర్యలో గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. అది చరియ మీద బ్రతకదు. దాని ఆహారం చరియకు పైనున్న పచ్చికబయళ్లలో ఉంటుంది. ఉదయం, సాయంకాలం మంద అక్కడ మేస్తుంది. మేస్తున్నంత సేపూ ఒకటి, తరచుగా ఒక పెద్ద ఆడతార్, మేత మాని ఎత్తైన చోట నిలబడి చూస్తూ ఉంటుంది. చిరుతపులి గాని రేచుకుక్కలు గాని కంటపడితే ఈల వంటి కూత వేస్తుంది. ఆ కూతతో మంద అంతా చరియవైపు పోతుంది. పులి పాదం నిలువలేని అంచుపై నిలబడి తిరిగి చూస్తుంది. ఎంత మంచి మేత ఉన్నా, చరియకు చాలా దూరం పోయి మేయడానికి అది ఇష్టపడదు. మంద అంతటికీ ఆ దారి ముందే తెలుసు. పిల్లలు పుట్టిన కొద్ది కాలానికే తల్లుల వెంట ఆ రాళ్లపై ఎక్కుతూ, దిగుతూ, ఒకదానిని ఒకటి తోసుకొంటూ ఆడుకొంటాయి. మన వీధిలో మేకపిల్లలు ఇటుకల కుప్పపైకి, పడుకొన్న తల్లి వీపుపైకి ఎక్కి దూకుతూ ఉంటాయి గదా, ఆ ఆటే ఇది. చూసేవారికి అల్లరి, దానికి అదే పాఠశాల. ఎరవికుళంలో పిల్లలు పుట్టే ఋతువున, సుమారు ఫిబ్రవరి, మార్చి నెలలలో, సందర్శకులను లోనికి రానివ్వరు.

ఈ జంతువులను గూర్చి మనకు ఒక అపోహ కలదు. అవి భయమెరుగని సాహసులని, ఒక్క ఉదుటున దూకుతాయని, విద్యార్థులు కూడా జీవితంలో అలాగే దూకవలెనని బహుమతి ప్రదాన సభలలో చెప్పడం పరిపాటి. నేనూ ఒకటి రెండుసార్లు అలా మాట్లాడినవాడినే. కాని కొండమేక నడకను నిదానంగా చూచినవారు చెప్పేది వేరు. అది ఎక్కేటప్పుడు వెనుక కాళ్లతో నెట్టి, ముందు కాళ్లను శరీరానికి దగ్గరగా ముడిచి పైకి లాగుకొంటుంది. నిటారు చోట ముందున్న రాతిపై కాలు ఆనించి, అది నిలిచిన తరువాతనే బరువు మోపుతుంది. నిలువకపోతే కాలు వెనుకకు తీసికొంటుంది. దారి మూసుకుపోతే తిరిగి వస్తుంది. తిరిగి రావడాన్ని అది అవమానంగా భావించదు. దూకడం కూడా ఉన్నది, అయితే ఎక్కడ దిగాలో కంటికి తెలిసిన పిమ్మటనే.

ఇటలీ ఉత్తర భాగంలోని చింజినో ఆనకట్ట ఛాయాచిత్రాలు చాలామంది చూచే ఉంటారు. సుమారు 50 మీటర్ల ఎత్తున్న రాతి ఆనకట్ట నిలువు ముఖంపై ఐబెక్స్ అనే కొండమేకలు చుక్కలవలె అంటిపెట్టుకొని కనబడతాయి. చూచినవారు ఔరా అంటారు. అవి అక్కడికి ఎక్కేది రాళ్ల మధ్యనున్న లవణాలను నాకడానికి. పాలిచ్చే తల్లులకు, పెరిగే పిల్లలకు ఆ లవణాలు కావాలి. ఎక్కేవాటిలో ఎక్కువగా ఉండేది ఆ తల్లులూ పిల్లలే. పెద్ద కొమ్ముల బరువైన మగవి సాధారణంగా ఆ జోలికి పోవు. తన బరువు తనకు తెలిసి ఉండడం కూడా ఒక విద్యే!

ఇంత నేర్పరులైనా ఇవి అపాయానికి అతీతములు కావు. అలాస్కా తీరపు పర్వతాలలో 400కు పైగా కొండమేకలకు గుర్తింపు పట్టీలు కట్టి 17 సంవత్సరాలపాటు గమనించిన శాస్త్రజ్ఞులు 2024లో తమ ఫలితాలను ప్రకటించారు. ఆ మేకల మరణాలలో మూడవ వంతుకు పైగా మంచుచరియలు విరిగిపడడం వలననే సంభవించినవట. కాలు జారకపోవచ్చును, కాలి క్రింది కొండే జారిపోతే గిట్ట ఏమి చేయగలదు?

మన డెల్టావాసులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మనకు కొండ లేదు గాని, కాలి క్రింది నేలే కనబడకుండా పోయిన దినాలు ఉన్నవి. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన తుఫాను ఉప్పెనలో మచిలీపట్నంలోను, చుట్టుప్రక్కలను సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19, శనివారం నాడు దివిసీమపై సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచి వచ్చినది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయినవి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే మృతులు పదివేల వరకు ఉన్నారు. అంతకంటె చాలా ఎక్కువని చెప్పేవారూ ఉన్నారు. ఆనాడు చెట్టు కొమ్మ దొరికినవారు కొమ్మను పట్టుకొన్నారు. పక్కా మేడ దగ్గరలో ఉన్నవారు మేడ ఎక్కారు. తక్కినవారికి ఎక్కడానికి ఏమున్నది? పూరిపాకల ఊరిలో చరియ లేదు, కాపలా ఉన్న తార్ కూత వంటి హెచ్చరిక అందరి చెవినా పడలేదు, పడినవారికి పోవలసిన దారి తెలియదు.

పదమూడు సంవత్సరాల తరువాత, 1990 మే నెలలో, దాదాపు అదే తీరాన్ని మరొక మహా తుఫాను తాకినది. గాలి తీవ్రతలో అది 1977 నాటిదానికి తీసిపోయినది కాదు. మృతుల సంఖ్య వేయికి లోపే ఉన్నది. వేయి కూడా చిన్న సంఖ్య కాదు, ఒక్కొక్కరి వెనుక ఒక్కొక్క కుటుంబం ఉన్నది. అయినా పదివేలకూ వేయికీ ఉన్న ఈ తేడా ఎక్కడినుండి వచ్చినది? సముద్రం దయతలచి కాదు. ఉపగ్రహాల వలన, తీరంలోని రాడార్ల వలన తుఫాను కదలిక ముందుగా తెలిసినది. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. 1977 తరువాత తీరమంతటా స్తంభాలపై కట్టిన తుఫాను రక్షణ గృహాలు అప్పటికి నిలబడి ఉన్నవి. మంద మేస్తున్నప్పుడే ఒకరు మేత మాని చూస్తూ ఉండడం, పోవలసిన ఎత్తు ముందే సిద్ధంగా ఉండడం, పోయే దారి పిల్లలకు సైతం తెలిసి ఉండడం - ఎరవికుళంలో తార్ చేసే పని దివిసీమలో మనుషులు చేశారు. దానికి వారు చెల్లించిన గురుదక్షిణ మాత్రం పదివేల ప్రాణాలు.

ఇక్కడ కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన విద్యార్థులలో అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక మండలాల నుండి వచ్చేవారు ఉన్నారు. నేను తరగతిలో ఒకసారి, తమ ఊరికి దగ్గరలోని తుఫాను రక్షణ గృహం ఎక్కడ ఉన్నదో తెలిసినవారు చేయి ఎత్తవలసినదని అడిగాను. లేచిన చేతులు వ్రేళ్లపై లెక్కించదగినవి. వారంతా 1977 తరువాత చాలాకాలానికి పుట్టినవారు. ఆ రాత్రి వారికి తాతమ్మ చెప్పిన కథ. పాత రక్షణ గృహాలలో కొన్ని పెచ్చులూడి శిథిలావస్థకు వచ్చినవి. జాతీయ సేవా పథకం శిబిరం ఏటా ఎక్కడో ఒకచోట జరుపుతూనే ఉన్నాము. ఒక సంవత్సరం ఆ శిబిరాన్ని తీర గ్రామంలో పెట్టి, ఏ ఇంటినుండి ఏ దారిన ఎంతసేపటిలో ఎత్తైన కట్టడానికి చేరవచ్చునో విద్యార్థులచేత నడిపించి, పటం గీయించి, తెలుగులోను ఉర్దూలోను వ్రాయించి ఊరివారికి ఇస్తే బాగుంటుంది. దానికి పెద్దగా ఖర్చు కాదు.

మరొక చరియ కూడా మనకు ఉన్నది. అది రాతిది కాదు, వేళ్లది. కృష్ణానది సముద్రంలో కలిసేచోట మడ అడవులు ఉన్నవి. 1989లో ఏర్పాటైన కృష్ణా వన్యప్రాణి సంరక్షణ కేంద్రం సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర ఈ అడవులనే కాపాడడానికి ఉద్దేశించినది. మడ వేళ్ల అల్లిక ఉప్పెన విసురును తగ్గిస్తుంది. ఒడిశాలో 1999 నాటి పెనుతుఫానును పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనం, ఊరికీ సముద్రానికీ నడుమ మడ ఎంత వెడల్పుగా ఉంటే ఆ ఊరిలో మరణాలు అంత తక్కువగా ఉన్నవని చూపినది. ఈ అడవిని నరికి రొయ్యల చెరువులు త్రవ్వడం ఎవరి లాభానికో గాని, వెనుకనున్న ఊరికి మాత్రం చరియను కూలద్రోయడమే. నీలగిరి తార్‌కు జరిగినది కూడా అదే. దాని చరియలు చెక్కుచెదరలేదు; పచ్చికబయళ్లను తేయాకు, నీలగిరి, తుమ్మజాతి తోటలు ఆక్రమించగా మందలు ఒకదానికొకటి అందకుండా విడిపోయినవి.

మడ అడవిలోని బావురుపిల్లి చిక్కితే చూడవలసినదే. నీటిలో దిగి చేపలు పట్టే పిల్లి అది, వ్రేళ్ల మధ్య కొద్దిపాటి చర్మం కూడా ఉంటుంది. కాని అది రాత్రించరం, మనుషులకు కనబడదు. పగటిపూట, ఆటు సమయంలో, పడవవారిని అడిగి కాలువ ఒడ్డున ఆగితే బురదపై గెంతే చిన్న చేపలు తప్పక కనిపిస్తాయి. ఉబికిన కళ్లు తలపైన ఉంటాయి. ముందు రెక్కలను చేతులవలె ఊని నడుస్తాయి. మొప్పల గదిలో నీరు నింపుకొని, చర్మాన్ని బురదలో దొర్లి తడుపుకొంటూ గాలిలోనే శ్వాసిస్తాయి. పొట్ట క్రింది రెక్కలు కలిసి గిన్నె ఆకారంలో ఉండి, నునుపు వేరును పట్టుకొనడానికి ఉపకరిస్తాయి. ఆటు సమయంలో అవి బురద అంతటా తిరిగి మేస్తాయి. పోటు మొదలై నీరు వేళ్ల మొదట తగిలే వేళకు వాటిలో కొన్ని అంతకుముందే లేచి, ఉప్పుపొన్న వేరు మీద జానెడు ఎత్తున, కళ్లు నీటివైపు త్రిప్పి కూర్చొని ఉంటాయి. నీరు ఇంకొక అంగుళం పెరిగితే అవి కూడా ఇంకొక అంగుళం పైకి జరుగుతాయి.